వంకాయ రంగు పట్టుచీర

అనంతపురం

పాపా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. మొన్న చిన్నత్త వచ్చి ఫోన్‌లో నీ ఫోటో చూపించింది. ఎవరిదో రిసెప్షన్ అట, వంకాయ రంగు పొడుగు కోటు వేసుకుని ఉన్నావు. బాగుంది. చిక్కినట్టున్నావు. ఆ కోటు అంచు మీద మామిడి పిందెలు ఎక్కడో చూసినట్టుందే అన్నది చిన్నత్త. నేనేమీ అనలేదు. ఆ ఫోటో తర్వాత నువ్వు ఫోన్ చేయలేదు. పనిలో ఉంటావులే.

నీకు పాత ఫ్యాషన్ల మీద మనసు పోయిందంటే నాకు సంతోషమే. యుద్ధం అయిపోయాక 1947లో ప్యారిస్‌లో డియోర్ అనే ఆయన ఒక్క స్కర్టుకే గజాల కొద్దీ బట్ట పెట్టినాడని, జనం గొడవ చేసినారని నువ్వే చెప్పినావు. బట్టకు రేషన్ ఉన్న కాలంలో అంత గుడ్డ పెడితే మండదా మరి. నా ఓటు మాత్రం డెబ్భైలకే. వాణిశ్రీ కొప్పు, వెడల్పు కాలర్లు, టెరికాటన్ ప్యాంట్లు. టెరికాటన్ ముడత పడదు, ఉతికితే ఊరికే ఆరిపోతుంది. మన ఎండలకు తొడుక్కుంటే ఒళ్ళు ఉడికిపోయేది, అయినా ఎవరూ మానలేదు.

జేజి ట్రంకుపెట్టె మీ అమ్మ మొన్న తెరిచింది. ఊరికే, బట్టలకు ఎండ తగలాలని.

నేను మాస్టరు దగ్గర కాజాలు కుట్టే రోజుల్లో, కాలేజీ పిల్లోడు ఒకడు వచ్చినాడు. బెల్ బాటమ్ అంటే అప్పుడు పిచ్చి. ఓడల్లో పనిచేసే నావికుల ప్యాంటు అది, సముద్రమే లేని మన ఊరికి వచ్చి ఊడ్చుకుంటూ తిరిగింది. వాడికి ఉన్న బాటమ్ చాలలేదు. మోకాలి కింద కుట్టు విప్పి, మూడు మూలల ముక్క వేసి వెడల్పు చేయమన్నాడు. ముక్కకు గుడ్డేదిరా అంటే సంచిలోంచి పట్టుచీర కొంగు తీసినాడు. ఎవరిదంటే మాదే అన్నాడు. మాస్టరు కత్తెర వేసినాడు, నేను కుట్టినాను. నిజం చెప్పాలంటే చూడ్డానికి భలే ఉండింది. రెండు రోజులకు వాళ్ళమ్మ అంగడికి వచ్చింది. అరుస్తుందని మేం లోపలికి జరిగితే, ఆమె ప్యాంటు బిల్లు ఎంతని అడిగి కట్టేసింది. వాడితో మాత్రం, "ఇంక వేరే ప్యాంటు కుట్టించను. పెళ్ళికైనా చావుకైనా ఇదే తొడుక్కో" అన్నది. వాడు అదే వేసుకుని తిరిగినాడు. ఊరంతా పట్టు ప్యాంటు అని పిలిచేవాళ్ళు. ఒక రోజు గడియార స్తంభం దగ్గర ఆ బాటమ్ సైకిల్ చైనులో చిక్కి పడినాడు. జరీ పట్టుకుని చీలిపోయింది. మళ్ళీ మా దగ్గరికే తెచ్చినాడు. ఏం కుడతాం, పట్టు ఒకసారి చీలితే సూది నిలవదు.

పాత పట్టు మడతల దగ్గరే ముందు తెగుతుంది. నువ్వు కోసినావని కాదు, తెలిసి ఉంటే మంచిదని చెప్తున్నా. సెంటు జరీ మీద కొట్టొద్దు, నల్లబడుతుంది. అప్పటి జరీ వెండి తీగ మీద బంగారు పూత. వీధుల్లో పాత పట్టుచీరలు కొంటామని తిరిగేవాళ్ళు ఆ వెండికే వస్తారు. పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టు, అప్పుడప్పుడు మడత మార్చు. పట్టు మీద లావు సూది, 14 నంబరుది పెట్టే దర్జీ దగ్గరికి పోవద్దు, సన్నది, 11 వాడాలి. పాతదనం ఒక్కటి చాలు ఒంటి మీద. బుట్ట చేతుల రవిక వేసుకుంటే చీర సాదాది కట్టు. చెవులకూ చేతులకూ అన్నీ పాతవే తగిలిస్తే నాటకం వేషం అవుతుంది.

జేజి పెళ్ళిచీర ధర్మవరంలో నేయించింది. లేపాక్షి లతామంటపం స్తంభాల మీది పనితనం చూసి మనవాళ్ళు అంచులకు ఎత్తుకున్నారని నీకు చిన్నప్పుడు తీసుకుపోయి చూపించినాను. నువ్వు నంది ఎక్కుతానని ఏడ్చినావు. ఆ చీర ఉగాదికి మీ అమ్మ నీకిచ్చింది కట్టుకోవడానికే. కట్టుకుంటే చాలదా అనేది నా మాట. కోసి ఉంటే మిగిలిన ముక్కలు పారేయొద్దు, కొంగు మరీ ముఖ్యం. కోయకపోతే ఫోన్ చేసి ఒక్క మాట చెప్పు, చిన్నత్త నోరు మూయించాల.

దసరాకు వచ్చేటప్పుడు కోటు తెచ్చుకో. ఫోటోలో ఎడమ చంక కింద గుంజుతోంది. ఎవడు కుట్టినాడో గాని చేయి తప్పు ఎక్కించినాడు. లైనింగ్ కూడా ఉన్నట్టు లేదు. నేను విప్పి సరిచేస్తా. ఇంకా చిక్కితే పక్కలు కూడా పట్టాల్సి వస్తుంది, వేళకు తిను. నడుము కొలత టేపుతో సరిగ్గా చూసి ముందే పంపు, అంచనాగా చెప్పొద్దు.

మీ నాయన