కత్తికి ప్రాణం ఉందిరా, కొయ్యడం మాత్రం రాదు

కాల్గరీ
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి జవాబు రాయక రెండు నెలలైంది. తిట్టు, పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం, పాపకి పళ్ళొస్తున్నాయి, మంచు ఇంకా కరగలేదు. అంతే. అసలు సంగతి వేరే ఉంది.

శనివారాలు బ్లాక్‌ఫుట్ అని ఇక్కడి ఆదివాసుల భాష నేర్చుకుంటున్నా. నవ్వకు! ఈ ఊరున్నదే వాళ్ళ నేల మీద. దీన్ని వాళ్ళు మోకిన్‌స్ట్‌సిస్ అంటారు, మోచెయ్యి అని.

పాఠం చెప్పే పెద్దావిడ మొదటిరోజే చెప్పేసింది: నామవాచకాలు రెండే జాతులు, ప్రాణమున్నవీ లేనివీ. బహువచనంలో ప్రాణమున్నవాటికి చివర 'ఇక్సి', లేనివాటికి 'ఇస్ట్సి'. నాకు వెంటనే మన మాస్టారి మహత్తు, అమహత్తు గుర్తొచ్చాయి, ఏకవచనంలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళతో సహా మిగతావన్నీ ఇంకోవైపు. "అమ్మ వచ్చింది, గేదె వచ్చింది ఒకటేనా సార్?" అని అడిగి గోడకుర్చీ వేశావే!

సరే, చంద్రుడికి ప్రాణమంటే ఒప్పుకున్నా. కత్తికీ ఉందట! క్రియ కూడా దీన్నిబట్టే మారిపోతుంది. ఊరికే తినడం 'ఓయి'. ప్రాణమున్న జాతిదాన్ని తింటే 'ఓవాట్', లేనిదైతే 'ఓవాటూ'. పని పూర్తయిందా లేదా అన్నదానికన్నా అందులో ప్రాణి ఎవరన్నదే అక్కడ క్రియకి ముఖ్యమని రిట్టర్, రోజెన్ అనే ఇద్దరు భాషావేత్తలు 2010లో రాశారు.

నేను తెలివిగా "కత్తి కొమ్మలు నరికింది" అని కట్టాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ప్రాణముందన్నారుగా అన్నాను. ఉంది, కానీ దానికి తెలివిడి లేదుగా, ఒకదాన్ని ఏదైనా చెయ్యాలంటే ఆ తెలివిడి ఉండాలి అంది. 'ఈహ్ట్' అనే ముక్క చేర్చి, కత్తితో కొమ్మలు తెగాయి అన్నట్టే చెప్పాలట.

ఆ రాత్రే కాకరకాయలు తరుగుతూ బొటనవేలు కోసుకున్నా. అమ్మకి ఫోన్ చేసి ఏమన్నానో తెలుసా? "కత్తితో వేలు తెగిందే" అన్నాను! రక్తం కారుతున్నా నవ్వొచ్చింది. మనం కవిత్వంలోనైనా కత్తి చేత కోయించేస్తాం, వాళ్ళ వ్యాకరణం అదీ ఒప్పుకోదు.

ఇంకోటి. 'కిట్సికాకొమిమ్మొ' అంటే నేను నిన్ను ప్రేమిస్తున్నా. చివర 'కి' తగిలిస్తే నువ్వు నన్ను. రెండింట్లోనూ మొదట వచ్చేది 'నువ్వు'కి గుర్తే, ఎవరు ఎవర్నన్నది చివర్లో తేలుతుంది. మూడో బెంచీకి నువ్వు పంపిన చీటీలో ఆ 'కి' ఒక్కటి... అయ్యో, పాప లేచింది, ఇక

నీ
గోపి