కంటి ఆపరేషన్ తర్వాత చూపు ఎంత వచ్చిందో రాయించండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కళ్లు పరీక్షించే ఉద్యోగం చేసి రిటైర్ అయినవాణ్ణి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఊరూరా తిరిగి శుక్లాలున్న వాళ్లను గుర్తించడం, భయపడేవాళ్లకు నచ్చజెప్పడం, క్యాంపు రోజు వ్యాను ఎక్కించి ఆసుపత్రికి పంపడం నా సర్వీసంతా చేసిన పని. ఆ వ్యాన్లలో మా బంధువులూ వెళ్లారు, మా అమ్మా వెళ్లింది.

ఈ లేఖ శుక్లం ఆపరేషన్లకు వ్యతిరేకంగా రాస్తున్నది కాదని ముందే చెప్పుకోవాలి. కంటి ఆపరేషన్లలో ఇబ్బందులంటూ ఎవరైనా నోరు తెరిస్తే చాలు, మర్నాడు ఊళ్లో సగం మంది "నాకొద్దు సారూ" అని వెనక్కి తగ్గుతారు. శుక్లానికి చుక్కల మందు లేదు, ఆకు పసరు లేదు. మసకబారిన సొంత లెన్సు తీసేసి దాని చోట కృత్రిమ లెన్సు పెట్టడం ఒక్కటే దారి. శ్రద్ధగా చేస్తే చాలా ఎక్కువ మందికి చూపు చక్కగా తిరిగి వస్తుంది. చేయి పట్టుకుని నడిపించాల్సిన ముసలాయన తిరిగి పొలం గట్టు మీద ఒక్కడే నడవడం నేను చూశాను. అందుకే ఆపరేషన్ బాగా జరగని ఆ కొద్దిమంది గురించి నాకింత పట్టింపు.

నేను అడిగేది ఒక్కటే. శుక్లం ఆపరేషన్ చేసిన ప్రతి కంటికీ ఆరు వారాల తర్వాత చూపు పరీక్షించి, ఎంత వచ్చిందో రాయించండి. ఆసుపత్రి వారీగా ఆ లెక్కను జనం ముందు పెట్టండి.

ఇప్పుడు మనం లెక్కపెడుతున్నది ఆపరేషన్లను. ఏటా జనవరి దాటిందంటే మాకు టార్గెట్ టెన్షన్ మొదలయ్యేది. ఏ మండలం ఎన్ని కేసులు పంపింది, మార్చి ఆఖరుకు ఇంకా ఎన్ని కావాలి, రివ్యూ మీటింగుల్లో మాటలన్నీ వీటి చుట్టే. ఆపరేషన్ అయిన వాళ్లలో ఎంతమంది చూస్తున్నారని ఆ మీటింగుల్లో అడగగా నేను వినలేదు. అడగని లెక్క ఎవరూ రాయరు.

దాని ఫలితం ఎలా ఉందో జాతీయ అంధత్వ సర్వే చెప్పింది. 2015 నుంచి 2019 దాకా చేసిన ఆ సర్వేలో, 50 ఏళ్లు పైబడిన వాళ్ల అంధత్వానికి మొదటి కారణం ఆపరేషన్ చేయని శుక్లం, 66.2 శాతం. తర్వాత కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శక పొర, మీద మచ్చలు, 8.2 శాతం. మూడో కారణం శుక్లం ఆపరేషన్‌లో, ఆపరేషన్ తర్వాత వచ్చిన సమస్యలు, 7.2 శాతం. కంటి నరం దెబ్బతినే జబ్బు గ్లకోమా 5.5 శాతంతో ఇంకా కింద ఉంది. చూపు కోసం వెళ్లిన చోటే చూపు పోగొట్టుకున్న వాళ్లు మన దేశంలో గ్లకోమాతో పోగొట్టుకున్న వాళ్లకంటే ఎక్కువగా ఉన్నారు. ఆ 7.2 శాతంలో మన రాష్ట్రం వాటా ఎంత, ఏ ఆసుపత్రుల నుంచి వచ్చింది అన్నది మీరు అడిగినా మీ శాఖ వెంటనే చెప్పగలదని నేను అనుకోను.

ఈ అంకె వెనక ఎలాంటి వాళ్లుంటారో ఒకరి గురించి చెబుతాను. ఒక పెద్దమ్మ, కృష్ణ ఒడ్డున ఊరు. ఒక క్యాంపులో కుడి కన్ను చేయించుకుంది. రెండేళ్లు దాటాక మా దగ్గరికి వచ్చింది, అదీ ఎడమ కంటి కోసం. "సారూ, గీ కన్ను చేయించుకున్న సంది ఇంకింత మసకైంది. అద్దం ఏసిన్రన్నరు, మరి కనవడకపాయె" అంది. టార్చి వేసి చూశాను. లెన్సున్న కంట్లో వెలుతురు పడితే పాప లోపల అద్దం ముక్కలా తళుక్కుమంటుంది. ఆమె కంట్లో ఆ తళుకు లేదు. ఆమె అటూ ఇటూ చూసినప్పుడల్లా పాప చుట్టూ ఉండే రంగు పొర సన్నగా వణుకుతోంది, వెనక ఆనుకోవడానికి ఏమీ లేక. ఆ కంట్లో లెన్సు వేయనే లేదు.

ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకున్న డిశ్చార్జి కాగితం తీసింది. లెన్సు వేసినట్టు ముందే అచ్చయిన వాక్యం అందులో ఉంది. లెన్సు స్టిక్కరు అంటించాల్సిన చోటు ఖాళీగా ఉంది. పరీక్షకు అద్దాలు మార్చి చూసే ట్రయల్ ఫ్రేములో, లెన్సు లేని కంటికి పెట్టే లావుపాటి ప్లస్ పది అద్దం పెట్టాను. చార్టు మీద మూడో వరుస చదివింది, పక్కన నిలబడ్డ కోడలి చీర అంచు రంగు చెప్పింది. రెండేళ్లుగా పనికిరాదని వదిలేసిన కన్ను అది.

అక్కడ జరిగిందేమిటో వైద్యులకు తెలిసిన విషయమే. సొంత లెన్సు ఒక సన్నటి సంచిలో ఉంటుంది. శుక్లం తీసి కొత్త లెన్సును ఆ సంచిలోనే కూర్చోబెడతారు. ఒక్కోసారి సంచి చిరుగుతుంది, కంటి వెనకున్న జెల్లీ ముందుకు వస్తుంది, లెన్సు పెట్టడం కుదరదు. ఎంత చేయి తిరిగిన డాక్టరుకైనా ఇది జరుగుతుంది. శుక్లం బాగా ముదిరి గోధుమ రంగుకు తిరిగిన కళ్లలో మరీ ఎక్కువ, మన పల్లెల నుంచి వచ్చేవి అలాంటివే. కాబట్టి సంచి చిరిగినందుకు నేను ఆ డాక్టరును తప్పు పట్టను. లెన్సు పెట్టలేదన్న ఒక్క మాట ఆమెకు చెప్పకపోవడాన్ని తప్పు పడతాను. చెప్పి ఉంటే లావు అద్దాలతోనైనా చూసేది, లేదా పెద్దాసుపత్రికి వెళ్తే కంటి తెల్లపొరకో రంగు పొరకో బిగించే లెన్సును రెండో ఆపరేషన్‌లో పెట్టేవారు. ఆరు వారాలకు ఒక్కసారి చార్టు ముందు నిలబెట్టి ఉంటే ఇదంతా అప్పుడే బయటపడేది.

లెన్సు పవరు సంగతి ఇంకొకటి. ఆపరేషన్‌కు ముందు కంటి పొడవు, కార్నియా వంపు కొలిచి ఏ పవరు లెన్సు సరిపోతుందో లెక్క కడతారు. కంటి పొడవు కొలతలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే పవరు దాదాపు రెండున్నర నుంచి మూడు దాకా తప్పుతుంది. హడావిడిగా కొలిచినా, ఒకరి కొలత ఇంకొకరి కాగితం మీద పడినా, ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగి కూడా మనిషికి మసకే మిగులుతుంది. మామూలు కళ్లద్దాలు ఇస్తే సరిపోయే కేసులు వీటిలో చాలా ఉంటాయి. అద్దాలు ఇవ్వాలంటే ఎవరో ఒకరు పరీక్షించాలి కదా.

1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి మనిషి కంట్లో ప్లాస్టిక్ లెన్సు పెట్టారు. యుద్ధ విమానాల ప్లాస్టిక్ కప్పు ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని ఓర్చుకోవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. ఆ మొదటి రోగికి లెన్సు పవరు లెక్క బాగా తప్పింది, పెద్ద మైనస్ పవరు మిగిలింది. డెబ్బై ఏళ్లు దాటాక కూడా ఆ సంగతి మనకు తెలుస్తోందంటే ఆ ఫలితాన్ని రాసి ఉంచబట్టే. ఆ తప్పును చూసి తర్వాతి వాళ్లు లెన్సులు సరిదిద్దుకున్నారు. మన పెద్దమ్మ కంటి ఫలితం ఏ రిజిస్టరులోనూ లేదు.

ఇన్ఫెక్షన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ గంటలు కూడా లెక్కే. 2016లో హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో శుక్లం ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి ఇన్ఫెక్షన్ సోకి, కొందరి చూపు పోయిన విషయం మన రాష్ట్రం మర్చిపోలేదు. కన్ను కడగడానికి వాడిన ద్రావణం మీద అప్పుడు వేలు చూపారు. 2021 నవంబరులో బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఒక్క రోజే 65 మందికి ఆపరేషన్లు చేశారు, ఇన్ఫెక్షన్ ముదిరి చాలామందికి కన్నే తీసేయాల్సి వచ్చింది. ఇలా ఒకేసారి పదిమందికి వస్తే పేపర్లలో పడుతుంది, విచారణ వేస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో ఊళ్లో వస్తే ఎవరికీ తెలియదు.

దీన్ని తగ్గించే దారి మన పక్కనే ఉంది. తమిళనాడులోని అరవింద్ కంటి ఆసుపత్రులు ఆపరేషన్ చివర్లో కంటి లోపలే మాక్సిఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ వేసి, ఇరవై లక్షల ఆపరేషన్ల ఫలితాలు ప్రచురించాయి. ఆ మందు వేయనప్పుడు 0.07 శాతం కళ్లకు ఇన్ఫెక్షన్ వస్తే, వేసినప్పుడు 0.02 శాతానికి దిగింది. ప్రతి కంటి ఫలితమూ రాసుకున్నారు కాబట్టే ఇంత చిన్న తేడాను పట్టుకోగలిగారు. మన రాష్ట్రంలో ప్రభుత్వ డబ్బుతో జరిగే ప్రతి ఆపరేషన్‌లోనూ ఈ మందు వేస్తున్నారో లేదో ఒకసారి అడిగి తెలుసుకోండి.

అయినా కొందరికి వస్తుంది. సాధారణంగా మొదటి వారంలోనే కన్ను నొప్పి, ఎరుపు, వచ్చిన చూపు మళ్లీ తగ్గిపోవడం. అప్పటికి మనిషి ఊళ్లో ఉంటాడు. క్యాంపు వ్యాను మళ్లీ రాదు. ఆసుపత్రి నలభై కిలోమీటర్లు, కొడుకు కూలికి వెళ్లాడు, "రేపు చూద్దాం" అంటారు. ఈలోగా ఊరి ఆర్‌ఎంపీ ఎర్రబడిందని ఏవో స్టెరాయిడ్ చుక్కలు రాస్తాడు. ఆ కంటికి కావలసింది కంటి వెనక జెల్లీలోకి యాంటీబయాటిక్ ఇంజెక్షన్, అదీ అదే రోజు. జిల్లా ఆసుపత్రుల్లో ఆ ఇంజెక్షన్ మందులూ, వేయగల డాక్టరూ ఆదివారమైనా అందుబాటులో ఉండేలా చూడండి. డిశ్చార్జి కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "నొప్పి వచ్చినా, చూపు తగ్గినా ఆగకండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని రాయించండి. ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు ఆ ఇంటికి వెళ్లి కన్ను చూసి రావాలి. బాలింతను చూసి రావడం వాళ్లకు అలవాటైన పనే.

ఆపరేషన్ బాగా జరిగిన కొందరికి కొన్ని నెలలకో ఏళ్లకో లెన్సు వెనక సంచి మసకబారుతుంది. "మళ్లీ పొరొచ్చింది, ఆపరేషన్ ఫెయిలైంది" అని ఊళ్లో అందరూ అనుకుంటారు. లేజరుతో కొన్ని నిమిషాల్లో, కోత లేకుండా పోయే మసక ఇది. ఆ లేజరు యంత్రం దగ్గరలో లేక, ఉందని తెలియక, ఎంతమంది ముసలివాళ్లు మూల కూర్చున్నారో. దీనికి కొత్త పథకమేమీ అక్కర్లేదు. యంత్రం ఉన్న ప్రతి ఆసుపత్రిలో వారానికి ఒక రోజు కేటాయించి, ఆ సంగతి ఊళ్లలో చాటింపు వేయిస్తే చాలు.

లెన్సు కూడా కంట్లో బతికున్నంత కాలం ఉండే వస్తువు. కేంద్రం 2005లోనే దాన్ని నియంత్రణ కిందికి వచ్చే వైద్య పరికరాల్లో చేర్చింది. వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2015 నుంచి నడుస్తోంది. కానీ తన కంట్లో ఉన్నది ఏ కంపెనీ లెన్సో, ఏ బ్యాచో తెలియని మనిషి ఏమని ఫిర్యాదు చేస్తాడు? లెన్సు డబ్బా మీది స్టిక్కరును రోగి చేతికిచ్చే కార్డు మీద అంటించడానికి పైసా ఖర్చు లేదు. స్టిక్కరు లేని కార్డుకు బిల్లు పాస్ చేయొద్దని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. ఆ పెద్దమ్మకు జరిగింది ఇంకొకరికి జరగదు.

లెక్కలు బయటపెడితే డాక్టర్లు కష్టమైన కేసులు తీసుకోరు, తప్పులు దాచేస్తారు అని మీకు చెప్పేవాళ్లుంటారు. అది నిజమైన భయమే, కొట్టిపారేయకూడదు. అయినా చేస్తున్న దేశాలున్నాయి. స్వీడన్‌లో శుక్లం ఆపరేషన్ల జాతీయ రిజిస్టరు 1992 నుంచి ఉంది. బ్రిటన్‌లో ఏ ఆసుపత్రిలో ఎన్నిసార్లు సంచి చిరిగిందో ప్రజలకు కనిపించేలా ప్రచురిస్తారు, కన్ను ఎంత కష్టమైనదో కూడా లెక్కలోకి తీసుకుని. సంచి చిరిగిందని నిజాయితీగా రాసిన డాక్టరుకు మెమో ఇవ్వకూడదు. రాయకుండా దాచిన ఆసుపత్రికి మాత్రం ఇవ్వాలి. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ కూడా 2030కి పెట్టుకున్న లక్ష్యంలో ఆపరేషన్ల సంఖ్యతో సరిపెట్టుకోలేదు. ఆపరేషన్ తర్వాత 6/12 (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం) లేదా అంతకంటే మెరుగైన చూపు వచ్చిన వాళ్లను లెక్కించాలంది.

మన రాష్ట్రం ఈ పని చేయలేనిది కాదు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు ఊరూరా టేబుళ్లు వేసి, చార్టులు తగిలించి, జనం కళ్లు పరీక్షించింది. 2023లో మళ్లీ చేసింది. ఆ టీములు, ఆ ట్యాబులు, ఆ అనుభవం మన దగ్గరే ఉన్నాయి. ఏ ప్రభుత్వం మొదలుపెట్టిందన్నది పక్కనపెట్టి, ఆపరేషన్ అయిన వాళ్లను ఆరు వారాలకు పరీక్షించడానికి ఆ యంత్రాంగాన్ని వాడండి. ముందు ఒక జిల్లాలో మొదలుపెట్టినా చాలు. మా ఉమ్మడి జిల్లాలో మొదలుపెడితే నాలాంటి రిటైర్డ్ వాళ్లం జీతం అడగకుండా వస్తాం. ఆపరేషన్ అయిన వాళ్ల పేర్లు, ఊళ్లు ఉన్న జాబితా ఆసుపత్రుల నుంచి మాకు ఇప్పించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కంటి పరీక్షల ఉద్యోగి,
ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా