పాత సైకిల్ కంపెనీ ఉత్తరాలు: ఈ ఆదివారం చూద్దాం

అందరికీ నమస్కారం. అమెరికాలోని మన హార్ట్‌ఫర్డ్ తెలుగువాళ్ళలో పాత కాగితాలంటే ఇష్టమున్న వాళ్ళందరికీ ఈ మెసేజ్.

ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకు మా ఇంట్లో కలుద్దాం. కొలంబియా సైకిళ్ళు చేసిన పోప్ కంపెనీ ఉత్తరాలు కొన్ని నా దగ్గరకు వచ్చాయి. అన్నీ 1890ల నాటివే.

ఈ కంపెనీ మన ఊరిదే! దాని యజమాని ఆల్బర్ట్ పోప్ 1878లో ఇక్కడి వీడ్ కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో తన మొదటి సైకిళ్ళు చేయించాడు. పేటెంట్లు కొని, మిగతా తయారీదారుల దగ్గర రాయల్టీ వసూలు చేశాడు. 1896లో కొలంబియా ధర 100 డాలర్లు. అప్పట్లో అది చాలా మందికి నెలల జీతం. అందుకే డీలర్లకు రాసిన ఉత్తరాల్లో ధర, బాకీల మాటలు చదువుతుంటే నాకైతే ఆ రోజులు కళ్ళకు కట్టాయి.

వచ్చేవాళ్ళు శుక్రవారంలోపు ఇక్కడే పేరు పెట్టండి, కుర్చీలు సర్దాలి. చేతులు కడిగి, బాగా తుడుచుకుని ముట్టుకోండి. రాసుకోవడానికి పెన్సిలే, పెన్ను వద్దు. ఫోటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ మాత్రం ఆపేయండి. టీ, పకోడీలు పక్క గదిలో.

మీ ఇంట్లో పాత ఉత్తరాలుంటే తీసుకురండి. చిరిగినా సరే, దయచేసి సెల్లోటేప్ అంటించకండి, లామినేషన్ అసలే వద్దు.