ముందు వీపు చూడు

చిరంజీవి అమ్ములుకి,

అమ్మ దీవెనలు.

టోక్యో జింబోచో వీధిలో చెక్క అచ్చు బొమ్మలు చూశానని, కవాసె హసుయి వేసిన జోజోజి గుడి మంచు బొమ్మ కొనాలని ఉందని రాశావు. కొనుక్కో. కాకపోతే ముందు దాన్ని తిప్పి వెనకవైపు చూపించమని అడుగు.

మన పెడన అద్దకంలో అచ్చు పైనుంచి గుడ్డమీద పడుతుంది. జపాన్‌వాళ్లది తలకిందులు. చెర్రీ చెక్క పలక కింద ఉంటుంది. దానికి నీటిరంగూ కాస్త బియ్యప్పిండి జిగురూ బ్రష్షుతో పులిమి, చెమ్మగిల్లిన కోజో (మల్బరీ జాతి చెట్టు పీచు) కాగితం పరిచి, దాని వీపుమీద బరెన్‌తో రుద్దుతారు. బరెన్ అంటే వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్ల. రంగు కాగితం పీచుల్లోకి దిగుతుంది కనక వెనక బొమ్మ నీడలా తేలాలి. ఏటవాలు వెలుతురులో బరెన్ తిరిగిన జాడలు కూడా చాలాసార్లు కనిపిస్తాయి. వీపు కొత్త నోటుబుక్కులా తెల్లగా ఉంటే అనుమానించు. పదింతల భూతద్దంలో సన్నటి చుక్కల వరసలు కనబడితే అది ఆఫ్‌సెట్ యంత్రంమీద తీసిన ముద్రణే, ఇక బేరమాడకు. చెక్కమీద మళ్లీ చెక్కి తీసిన నకళ్లు మాత్రం ఈ రెండు పరీక్షలూ దాటేస్తాయి. వాటిని పట్టాలంటే మ్యూజియం ప్రతి ఫొటో పక్కన పెట్టుకుని గీతగీతా పోల్చాల్సిందే.

బొమ్మమీద ఉన్న తేదీని నమ్ముకోకు. తైషో 14 అంటే 1925 (తైషో, షోవా జపాన్ చక్రవర్తుల పాలనా కాలాల పేర్లు; తైషో అంకెకి 1911, షోవాకి 1925 కలుపుకో). అది బొమ్మ తయారైన ఏడు, నీ చేతిలోని కాగితం అచ్చయిన ఏడు కాదు. ప్రచురణకర్త వతనబే పలకలు దాచి, అవే బొమ్మలు మళ్లీమళ్లీ తీయించాడు. ఏ కాలపు ప్రతో చెప్పేది ఆయన ముద్ర. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రతుల్లో చాలావాటికి అంచులో నిలువుపాటి ముద్ర ఉంటుంది. 6 మిల్లీమీటర్ల గుండ్రటి ముద్ర అయితే యుద్ధం తర్వాతది. 1923 టోక్యో భూకంపం మంటల్లో ఆయన పలకలు, నిల్వలు బూడిదయ్యాయి, అందుకే అంతకుముందు తీసిన ప్రతులకి అంత ధర.

అంచుతో ముద్ర కూడా పోతుందనే, అంచు కత్తిరించిన బొమ్మ వద్దంటాను. ఫ్రేములో ఇమడలేదని ఎవరో కోసేస్తే అంచుతోపాటు సాక్ష్యమూ పోయినట్టే. ఇంకో చిత్రకారుడు యొషిదా హిరోషి బొమ్మలకీ ఇదే. ఎడమ అంచున ‘జిజురి’ ముద్ర ఉంటే ఆయన దగ్గరుండి తీయించిందని అర్థం. ఆయన పోయాక (1950) తీసినవాటికి ఉండదు. ఆయన 1930-31లో మన దేశం తిరిగి, అప్పట్లో నిజాం రాజ్యంలో ఉన్న ఎల్లోరాని కూడా బొమ్మల్లోకి ఎక్కించాడు. ఎప్పుడైనా దొరికితే నాకు చెప్పు!

ఇక మంచు. అందులో తెల్లరంగు ఉండదు, అచ్చు తగలకుండా వదిలిన ఉత్త కాగితమే మంచు. కాగితం గోధుమరంగుకి తిరిగిందంటే మంచు కరిగిపోయినట్టే, ఎంత పేరున్న బొమ్మయినా. అదే డబ్బుకి అంతగా పేరులేని వాన బొమ్మ, కాగితం శుభ్రంగా ఉన్నది వస్తే నేనైతే అదే తీసుకుంటాను. ఆకాశంలో బొకాషి చూడు: పలకని తడిపి, రంగు ఒక పక్కకే పెట్టి బ్రష్షుతో లాగితే ముదురు నుంచి లేతకి జారుతుంది. ఇది ప్రతి కాగితానికీ చేత్తో చేసే పని, అందుకే ఏ రెండు ప్రతులూ ఒక్కలా ఉండవు. ఆకాశం మధ్యలో చారగా తెగిపోతే తొందరపడి తీసిన ప్రతి. పాతకాలపు బొమ్మల్లో గులాబీ, ఊదా ముందు వెలుస్తాయి. ఫ్రేము అట్ట కింద దాగిన అంచుని మధ్యభాగంతో పోల్చితే ఎంత వెలిసిందో తెలిసిపోతుంది.

ఇంటికి తెస్తే ఫ్రేము షాపులో వదిలిరాకు, తెల్ల జిగురు పూసి హార్డ్‌బోర్డుకి అంటించేస్తారు. పైఅంచున రెండుచోట్ల మాత్రమే పల్చటి జపాన్ కాగితం ముక్కలు గోధుమ గంజితో అంటించాలి. అట్ట ఆమ్లం లేనిదై ఉండాలి, అద్దం బొమ్మకి తగలకూడదు. వానాకాలం చెమ్మకి రంగు అద్దానికి అంటుకుంటుంది. ఎండ పడే గోడ వద్దు. మూడు నెలలు గోడమీద, తర్వాత చీకటి సొరుగులో.

డబ్బు కట్టేముందు నాలుగు అంచులూ వీపూ ఫొటో తీసి పంపు. ముద్ర దగ్గరగా తియ్యి.

అమ్మ