మన పాత కార్ల సంఘం, విజయనగరం: 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నిబంధనల్లో ఉంది కాబట్టి రాస్తున్నాను, కానీ ఈసారి అదొక్కటే కారణం కాదు. ఈ ఏడాది జరిగిన పని చాలావరకు అయిదారుగురి చేతుల మీదుగా జరిగింది. వాళ్లేం చేశారో మిగతావాళ్లకు తెలియాలి. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పక్కర్లేదు కదా, నేరుగా విషయంలోకి వస్తాను.

అందరూ అడుగుతున్నది జనవరి ప్రదర్శన గురించే కాబట్టి ముందు అదే. సంక్రాంతి సెలవులు అయిపోయాక వచ్చిన ఆదివారం, మంచు ఇంకా విడవకముందే అయోధ్యా మైదానానికి బండ్లు రావడం మొదలైంది. బొబ్బిలి నుంచి మార్క్ 2 అంబాసిడర్, గజపతినగరం నుంచి లాయరుగారి ప్రీమియర్ పద్మిని, చీపురుపల్లి నుంచి కాంటెస్సా, శ్రీకాకుళం మిత్రులు తెచ్చిన టాటా ఎస్టేట్, దాని పక్కనే మూడు తలుపుల పాత సియెర్రా. ఎక్కువ మంది మూగింది మాత్రం స్టాండర్డ్ హెరాల్డ్ దగ్గర. మద్రాసులో 1961 నుంచి తయారైన బండి అది. బానెట్ తీయమంటే మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా ముందు భాగం మొత్తం ముందుకు వంగిపోతుంది, ఇంజినుతోపాటు ముందు చక్రాలు, సస్పెన్షన్ అన్నీ బయటపడతాయి. మెకానిక్ ముందు టైరు మీదే కూర్చుని ప్లగ్గులు విప్పుకోవచ్చు. చూడ్డానికొచ్చిన పాలిటెక్నిక్ పిల్లలు ఆ బానెట్‌ని మళ్లీ మళ్లీ తీయించుకుని చూశారు, బండి యజమానీ ఓపిగ్గా తీసి చూపించారు. ఆ పెద్దాయనకి ఎనభై దాటాయి. ఎండెక్కినా కుర్చీ కూడా అడగలేదు. ఆయనకి ఈ నివేదికలో ప్రత్యేకంగా ధన్యవాదాలు చెప్పకపోతే నాకు మనసొప్పదు.

ఈసారి బండ్లను కంపెనీల వారీగా కాకుండా, ఇప్పుడు ఎవరూ చేయని రకాల వారీగా నిలబెట్టాం. ఈ ఆలోచన మన ఉపాధ్యక్షురాలిది. మొదట్లో కమిటీలో కొందరు వద్దన్నారు గానీ, ఆవిడ పట్టుబట్టడమే మంచిదైంది. పక్కపక్కనే రెండు అంబాసిడర్లు ఉంటే చూసేవాళ్లు ఒకదాన్ని చూసి ముందుకెళ్లిపోతారు. అదే "హ్యాండ్ గేరు వరస" అని బోర్డు పెట్టి పద్మినినీ పాత అంబాసిడర్‌నీ ఒకచోట నిలబెడితే, స్టీరింగ్ పక్కన గేరు రాడ్ ఎందుకుండేదో ఆగి అడుగుతారు. ముందు సీటు ఒకటే పొడుగు బల్లలా ఉండేది కాబట్టి, మధ్యలో గేరు రాడ్ లేకపోతే ముందర ముగ్గురు కూర్చోవచ్చు. మన జిల్లాలో పెళ్లిళ్లకి వెళ్లినవాళ్లకి ఆ ముందు సీటు ప్రయాణం గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ముందు ఇద్దరికీ వేర్వేరు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయ్యాక అలాంటి సీటు మన చిన్న కార్లలో మళ్లీ వచ్చే మాట లేదు. దానికి నేనేమీ బాధపడను, ప్రాణం ముందు. కానీ అలాంటి సీటు ఒకటి ఉండేదని పిల్లలకి చూపించాలి.

తర్వాతిది వ్యాగన్ల వరస. టాటా ఎస్టేట్ 1992లో వచ్చి 2000లో ఆగిపోయింది. మారుతి బలెనో ఆల్టురా, ఇండిగో మరీనా కూడా అదే దారి పట్టాయి. వెనక డిక్కీకి బదులు పొడుగైన చోటు, పై కప్పు చివరిదాకా సాగి, వెనక తలుపు మొత్తం పైకి లేస్తుంది. మంచాలు, బియ్యం బస్తాలు మోసుకెళ్లే మన ఊళ్లకి నిజానికి పనికొచ్చే కారు అదే. "సామాన్లబండి" అని మనవాళ్లే పక్కన పెట్టేశారు, తర్వాత ఎత్తు బండ్ల మోజు వచ్చి ఆ రకమే లేకుండా పోయింది. సియెర్రా పేరు 2025 నవంబరులో మళ్లీ మార్కెట్లోకి వచ్చింది కదా అని చాలామంది అడిగారు. అది అయిదు తలుపుల కొత్త బండి. వెనక తలుపుల్లేకుండా, పక్కన పైకప్పుదాకా వంగిన పెద్ద అద్దంతో ఉన్న ఆ పాత మూడు తలుపుల సియెర్రాని ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.

బానెట్ లేని మారుతి వ్యాన్, అదే ఓమ్ని, గురించి కమిటీలో పెద్ద వాదనే జరిగింది. "నిన్నటిదాకా రోడ్ల మీద తిరిగినదాన్ని ప్రదర్శనకి పెడతారా" అన్నారు. 1984లో వచ్చిన ఆ బండి 2019లో ఆగిపోయింది, ఎదురు గుద్దుడు పరీక్షల నిబంధనలకి అది తట్టుకోలేదు. డ్రైవరు కాళ్ల ముందు రేకు తప్ప ఇంకేమీ ఉండదు. మన ఊళ్లలో అంబులెన్సు అదే, స్కూలు బండి అదే, కూరగాయల బండీ అదే. ఇప్పుడు బాగున్న ఓమ్ని ఒకటి వెతికి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. మారుతి 800 కథా అంతే. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఆగింది. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ ఉన్న తొలి 800లు ఎన్ని మిగిలాయి? అంబాసిడర్ తయారీ కూడా అదే 2014లో, మే నెలలో, బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో నిలిచిపోయింది. దాన్ని మాత్రం గౌరవంగా చూస్తాం, 800ని చులకనగా చూస్తాం. తెల్ల అంబాసిడర్ హోదా బండి కాబట్టా? మధ్యతరగతి ఇంటికి మొదటి కారు తెచ్చింది 800. వాటి యజమానులకి పూర్తి సభ్యత్వం ఇవ్వాలనే తీర్మానం ఈ సమావేశం ముందుకి వస్తోంది, దయచేసి ఒప్పుకోండి.

ఇక అందరికీ టెన్షన్ పెట్టిన విషయం పెట్రోలు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో మొదలైంది, 2030కి అనుకున్న లక్ష్యం 2025కే చేరుకున్నారు. కొత్త బండ్లని దానికి తగ్గట్టు చేస్తారు, మన బండ్లని అలా చేయలేదు. ఆగస్టులో ధర్మపురి వైపు మన సభ్యుడి షెడ్డులో పెట్టిన శిక్షణకి వచ్చినవాళ్లు కళ్లారా చూశారు. నెలల తరబడి కదలకుండా ఉన్న పద్మిని సోలెక్స్ కార్బురేటర్ విప్పితే, పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున తెల్లటి పొడి పేరుకుని ఉంది, పాత రబ్బరు హోసు వేలితో నొక్కితే లోపల పొర ఊడి ముక్కలుగా వచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, ఆ నీరు ట్యాంకులో తుప్పు పట్టిస్తుంది, తుప్పు వచ్చి జెట్‌లో, అంటే పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రంలో, అడ్డుపడుతుంది. పెట్రోలు లాగే మెకానికల్ పంపులోని పల్చటి పొర, డయాఫ్రమ్, కూడా గట్టిపడి చీలుతుంది. మన మెకానిక్ చెప్పింది మళ్లీ రాస్తున్నాను, రానివాళ్ల కోసం: హోసులు, డయాఫ్రమ్ ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయించండి, బండి చాలాకాలం ఆపేస్తే ట్యాంకు ఖాళీ చేయండి, అవసరమైతే జెట్ కొంచెం పెద్దది పెట్టించుకోండి. 2000లో సీసం లేని పెట్రోలు వచ్చినప్పుడు సీసం లేకపోతే అరిగే వాల్వు సీట్ల కోసం ఇంజిను హెడ్ పని చేయించుకున్నవాళ్లు మనలో ఉన్నారు. అది దాటాం, ఇదీ దాటుతాం, కానీ షెడ్డుకి రండి. ఆ రోజు పేర్లిచ్చినవాళ్లలో సగం మంది కూడా రాలేదు. ఉప్మా చేయించి పెట్టినవాళ్లకి ఎంత కష్టమనిపిస్తుందో ఆలోచించండి.

స్పేర్ పార్టుల గురించి. అంబాసిడర్ సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి, పద్మినివి ముంబయి పాత దుకాణాల నుంచి తెప్పిస్తున్నాం. హెరాల్డ్, కాంటెస్సాలకి రేకు పని మాత్రం చేతితో చేయించుకోవాల్సిందే. ఇక్కడ మన అదృష్టం సాలూరు. అక్కడి లారీ బాడీ షెడ్లలో తలలు పండిన మేస్త్రిలు ఇంకా ఉన్నారు. ఫిబ్రవరిలో కాంటెస్సాకి ఎడమవైపు వెనక మడ్‌గార్డు అంచు చేయించాం. మేస్త్రి మొదట కుడివైపు మంచి మడ్‌గార్డు మీద న్యూస్‌పేపరు పరిచి అంచు నొక్కి ఆకారం తీశారు. కాగితాన్ని తిరగేసి కొత్త రేకు మీద గీశారు, తర్వాత ఇసుక సంచి మీద పెట్టి చెక్క సుత్తితో నెమ్మదిగా వంపు తిప్పారు. నాలుగు దెబ్బలకోసారి సుత్తి పక్కన పెట్టి, కళ్లు వేరే ఎటో చూస్తూ, అరచేత్తో రేకంతా నిమిరారు. "కంటికి ఆనదు బాబూ, చేతికే తెలుస్తాది" అన్నారు. పెయింటు వేశాక చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో నేను చెప్పలేకపోయాను. ఆయన కొడుకు విశాఖలో షోరూములో పనిచేస్తున్నాడు. అక్కడ రేకు నొక్కుకుపోతే మార్చేయడమే, కొట్టే పని లేదు. ఈ పని నేర్చుకునే కుర్రాళ్లు ఆ షెడ్డులో ఎవరూ లేరు. ఐటీఐ చదివిన ఇద్దరు కుర్రాళ్లకి నెలనెలా కొంత ఖర్చు ఇచ్చి ఆయన దగ్గర పెట్టాలని కమిటీ అనుకుంది. వాళ్లని తీసుకెళ్లి, వారం వారం చూసొచ్చే సభ్యులు కావాలి. సాలూరు, రామభద్రపురం వైపు ఉన్నవాళ్లు ముందుకు రండి. నా దృష్టిలో ప్రదర్శన కన్నా ఇదే ముఖ్యమైన పని.

కాగితాల సంగతి చెప్పాలంటే కోపం వస్తుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, మార్పుచేర్పులు లేని బండికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. 20 వేలు కడితే పదేళ్లు, తర్వాత 5 వేలకి అయిదేళ్లు. రోజువారీ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకి, ర్యాలీలకి, మరమ్మతుకి, పెట్రోలుకి తీసుకెళ్లొచ్చు. మంచి నిబంధనే. మరి 1988 పద్మిని, 1995 ఎస్టేట్ ఏం చేయాలి? 50 ఏళ్లు నిండలేదు, మొదటి రిజిస్ట్రేషన్ చెల్లే 15 ఏళ్లు ఎప్పుడో దాటాయి. అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, 20 ఏళ్లు దాటిన కారుకి ఆ ఫీజు 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. నెలకోసారి గుడికెళ్లి వచ్చే బండికి ఇది భారం. ఈ మధ్యలో ఇరుక్కున్న బండ్లకి ఏదైనా వెసులుబాటు ఇవ్వమని వినతిపత్రం రాశాం. ఏ ఆఫీసుకని చెప్పను గానీ, తీసుకున్నవాళ్లు రసీదు ఇవ్వడానికే రేపు రండి, ఎల్లుండి రండి అన్నారు, చివరికి "తుక్కుకి ఇచ్చేయొచ్చు కదండీ" అని సలహా ఇచ్చారు. యాభై ఏళ్లు నిండేదాకా ఎవరో ఒకరు కాపాడితేనే కదా రేపు వాటికి వీఏ నంబరు వేసేది! జవాబు ఇంకా రాలేదు, వదిలిపెట్టం.

లెక్కలు కోశాధికారిగారు ఆడిటరుతో చూపించి సంతకం చేయించారు, పుస్తకం సమావేశంలో బల్ల మీద ఉంటుంది, కావాల్సినవాళ్లు చూసుకోండి. ప్రదర్శనకి ఖర్చు అనుకున్నదానికన్నా ఎక్కువైంది, విరాళాలు దాన్ని పూడ్చాయి. చందా బాకీ ఉన్నవాళ్ల పేర్లు ఈసారికి చదవడం లేదు.

ధన్యవాదాలు: మైదానంలో తెల్లవారకముందే ముగ్గులు వేసిన మన మహిళా సభ్యులకి, బోర్డులన్నీ చక్కటి తెలుగులో చేత్తో రాసిన రిటైర్డ్ మాస్టారికి, కోట కూడలి దగ్గర ట్రాఫిక్ ఆపి బండ్లని దారి దాటించిన పోలీసు సిబ్బందికి, మజ్జిగ ఇచ్చిన వీధి కుర్రాళ్లకి, ఏపీ 30 నంబరు బండ్లతో అంత పొద్దున్నే బయల్దేరి వచ్చిన శ్రీకాకుళం మిత్రులకి. ముందురోజు రాత్రి "తప్పకుండా వస్తాం" అని వాట్సాప్‌లో చెప్పి, పొద్దున ఫోన్లు ఆపేసిన కార్యవర్గ సభ్యులకి మాత్రం ఒక్క మాట: పదవి వద్దనుకుంటే చెప్పండి, పనిచేసే కుర్రాళ్లు మనలో ఉన్నారు, వాళ్లకి చోటివ్వండి.

వచ్చే ఏడాదికి కమిటీ అనుకున్నవి, సాలూరు శిక్షణ కాక, వర్షాలు తగ్గాక రామతీర్థం దాకా ఒక ర్యాలీ, స్పేర్ పార్టులకి ఉమ్మడి గది. గదికి షట్టరు ఉన్న చోటు తక్కువ అద్దెకి ఎవరి దగ్గరైనా ఉంటే నాకు చెప్పండి. ఈ ఏడాది ఆర్సీ గడువు తీరే బండ్లున్నవాళ్లు ఆర్సీ, ఇన్సూరెన్సు జిరాక్సులు సమావేశానికి తెచ్చుకోండి, అందరి దరఖాస్తులూ ఒకేసారి తీసుకెళ్దాం. ఒక్కొక్కరూ విడివిడిగా వెళ్తే ఎవరూ పట్టించుకోవడం లేదు.

కార్యదర్శి