డిస్కు మార్చే ముందు

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

పాత హార్డ్ డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ వేసుకుంటానన్నావు. మంచి పని. కానీ స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే మొత్తం డిస్కుకు ఇమేజ్ తీసిపెట్టుకో. థీసిస్ ఫోల్డర్ పెన్‌డ్రైవులోకి ఎక్కించానన్నావు కానీ తల్లీ, అది చాలదు. అలా ఎక్కిస్తే నీ ఫైళ్లు మాత్రమే వస్తాయి. విండోస్, నువ్వు ఇన్నేళ్లుగా అమర్చుకున్న ప్రోగ్రాములు, వాటి సెట్టింగులు రావు. ఇమేజ్ అంటే డిస్కులో ఏ బ్లాకులో ఏముందో దాన్ని అలాగే దించుకున్న ఫైలు. తర్వాత దాన్నే కొత్త డిస్కులోకి ఎక్కించుకుంటావు.

సి డ్రైవు ఒక్కటే ఎంచుకుని ఊరుకోకు. కంప్యూటరును బూట్ చేసే (లేపే) ఈఎఫ్‌ఐ పార్టిషన్ (డిస్కులో విడిగా కేటాయించిన భాగం) దానికి బయట, మామూలుగా కంటికి కనబడకుండా ఉంటుంది. అది రాకపోతే కొత్త డిస్కులో సి డ్రైవు చెక్కుచెదరకుండా ఉన్నా విండోస్ లేవదు. అన్ని పార్టిషన్లనూ కలిపి తీసుకో.

నడుస్తున్న విండోస్‌ నుంచే ఇమేజ్ తీసే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. ఫైళ్లు మారుతూ ఉన్నా ఒక క్షణంలోని స్థితిని షాడో కాపీ అనే విండోస్ సదుపాయం పట్టి ఉంచుతుంది కనుక అవీ నమ్మదగినవే. నాకు మాత్రం పెన్‌డ్రైవు నుంచి క్లోన్‌జిల్లా అనే ఇమేజ్ తీసే ప్రోగ్రామును బూట్ చేసి తీయడమే ఇష్టం, ఆ సమయంలో డిస్కు మీద ఎవరూ ఏమీ రాయరు కదా. దానికి ముందు షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చెయ్యి. లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ (మళ్లీ త్వరగా లేవడానికి విండోస్ చేసుకునే ఏర్పాటు) వల్ల విండోస్ సగం నిద్రలోనే ఉండిపోతుంది. ఇంకో సంగతి: క్లోన్‌జిల్లాతో చేస్తే కొత్త డిస్కు పాతదానికంటే చిన్నది కాకూడదు. పాతది 500 జీబీ అయితే 480 జీబీది కొనకు.

ఇమేజ్ దాచే ఎక్స్‌టర్నల్ డిస్కు ఏ ఫార్మాట్‌లో ఉందో చూడు. ఎఫ్‌ఏటీ32 అయితే 4 జీబీని మించిన ఫైలు అందులో పట్టదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టుకో. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకో, ఆ కాగితం లాప్‌టాప్ సంచిలో మాత్రం వద్దు. విండోస్ నడుస్తుండగా తీసిన ఇమేజ్‌లో ఆ తాళం ఉండదు కనుక దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టాలి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదీ: ఇమేజ్ పూర్తయిందని తెర మీద కనబడగానే పని అయిపోయిందనుకోకు. ఇమేజ్ సరిగా వచ్చిందో లేదో ఆ ప్రోగ్రాముతోనే వెరిఫై చేయించు. నీ ప్రోగ్రాము ఇమేజ్‌ను డ్రైవులా తెరిచే రకమైతే, లోపలి నుంచి థీసిస్‌లో ఒక అధ్యాయం తెరిచి చదువు. రికవరీ పెన్‌డ్రైవుతో (ఇమేజ్‌ను తిరిగి ఎక్కించడానికి వాడేది) నీ లాప్‌టాప్ బూట్ అవుతోందా, ఎక్స్‌టర్నల్ డిస్కు అక్కడి నుంచి కనబడుతోందా చూడు. పాత డిస్కు బాగా ఉన్నప్పుడే ఇవన్నీ చూసుకోవాలి.

ఒకవేళ డిస్కు టకటకమని శబ్దం చేస్తుంటే ఇవేవీ మొదలుపెట్టకు, నాకు ఫోను చెయ్యి. అప్పుడు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము వాడాలి. అది ముందు బాగున్న భాగాలను చదివేసి, చెడిన చోట్లకు తర్వాత వస్తుంది.

పని పూర్తయ్యాక ఎక్స్‌టర్నల్ డిస్కును తీసి పక్కన పెట్టు, తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దాన్నీ వదలదు. పాత డిస్కును, కొత్తదాన్ని ఒకేసారి తగిలించి బూట్ చేయకు. ఇమేజ్‌తో పాటు అదీ వచ్చేస్తుంది కాబట్టి రెండింటి గుర్తింపు సంఖ్యా ఒకటే కనుక విండోస్ తికమకపడుతుంది. కనీసం థీసిస్ సమర్పించేవరకైనా పాత డిస్కును ఫార్మాట్ చేయవద్దు.

మీ నాన్న