పవర్ స్ప్రింగ్ పని ఆపేశాం, కారణం ఇదీ

ఈ నెల నుంచి మా షాపులో ఎయిర్ రైఫిళ్ళకు హెవీ స్ప్రింగ్ (పవర్ పెంచడానికి వేసే గట్టి స్ప్రింగు, దీన్నే పవర్ స్ప్రింగ్ అంటారు) వేయడం లేదు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా అదే డబ్బుకి సీలు (గాలి పోకుండా ఆపే వాషరు), స్ప్రింగ్ గైడు (స్ప్రింగు లోపల ఉండి వంగకుండా పట్టే కడ్డీ) మార్చి ఇస్తాం. ఆ పనిలో మాకు మిగులు బాగానే ఉండేది. కాకపోతే వేసిన స్ప్రింగుల్లో చాలావరకు విరిగో, వంగో మళ్ళీ మా బల్ల మీదికే వచ్చాయి. అడిగినవాళ్ళకు కాదనలేక వేశాం, తప్పు మాదే.

బ్యారెల్ (గొట్టం) కిందికి విరిచి లోడ్ చేసే రైఫిల్లో పెల్లెట్‌ని (చిన్న గుండుని) తోసేది స్ప్రింగు కాదు, గాలి. స్ప్రింగు పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ సిలిండర్లోని గాలిని నొక్కుతుంది, ఆ గాలి సన్నటి రంధ్రంలోంచి పెల్లెట్ వెనక్కి చేరుతుంది. సిలిండర్లో పట్టే గాలి ఎప్పుడూ అంతే. స్ప్రింగు ఎంత బలంగా ఉన్నా వేగం కొంతవరకే పెరుగుతుంది. మిగిలిన బలమంతా రైఫిల్ మీదే పడుతుంది. కాకింగ్ లింకు (పిస్టన్‌ని వెనక్కి నెట్టి స్ప్రింగుని నొక్కే కడ్డీ) వంగుతుంది, సియర్ (పిస్టన్‌ని పట్టి ఉంచే ట్రిగ్గర్ కొక్కెం) అంచు అరుగుతుంది, స్కోపు పాడవుతుంది, గురి చెదురుతుంది.

చట్టం సంగతి కూడా ఉంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం ఎయిర్ రైఫిల్ శక్తి 20 జౌళ్ళు దాటినా, బోరు (గొట్టం లోపలి వెడల్పు) 4.5 మిల్లీమీటర్లు దాటినా లైసెన్సు కావాలి. 0.55 గ్రాముల పెల్లెట్ సెకనుకు 270 మీటర్ల వేగం అందుకుందంటే 20 జౌళ్ళు అయినట్టే. కోతుల కోసం పవర్ పెంచమని వచ్చేవాళ్ళకు మా జవాబు మారదు. షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల పోటీలో వాడే రైఫిళ్ళు ఎనిమిది జౌళ్ళ దగ్గరే ఆగుతాయి. గురి కుదరడానికి అంత చాలు.

ఇక ఇంట్లో విప్పుకునేవాళ్ళకు. ముందు బ్యారెల్ విరిచి లోపల పెల్లెట్ లేదని కళ్ళతో చూడండి. కాక్ అయి (స్ప్రింగు పూర్తిగా నొక్కుకుని పేలడానికి సిద్ధంగా) లేదని కూడా చూసుకోండి. స్కోపు తీసేయండి. చెక్కకి ముందువైపు అటూ ఇటూ రెండు స్క్రూలు, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో ఉంటాయి. అవి తీస్తే చెక్క వస్తుంది. ఇక్కడిదాకా ఎవరైనా చేయవచ్చు.

ఆ తర్వాతే ప్రమాదం. కాక్ చేయకపోయినా స్ప్రింగు లోపల నొక్కుకునే ఉంటుంది. స్ప్రింగుని వెనక నుంచి ఆపే బ్లాకు పిన్ను కొట్టగానే చాలా రైఫిళ్ళలో నాలుగైదు సెంటీమీటర్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ, బయటికి తన్నుకొస్తుంది. గడ్డానికి తగిలితే పళ్ళు రాలతాయి. గోడకి ఆనించి, ఛాతీతో అదిమి విప్పకండి. మీటరు పొడవు గట్టి పలక తీసుకుని, ఒక చివర అడ్డు చెక్క, రెండో చివర వెల్డింగ్ చేసిన నట్టులో పన్నెండు మిల్లీమీటర్ల థ్రెడ్ రాడ్ పెట్టించుకోండి. ఏ వెల్డింగ్ షాపులోనైనా చేసిస్తారు. బ్లాకుని రాడ్‌తో కొద్దిగా నొక్కి పట్టి, పిన్ను లాగి, రాడ్‌ని ఒక్కో చుట్టు వెనక్కి తిప్పుతూ స్ప్రింగుని వదలాలి. ఆ తర్వాత బ్యారెల్ పివట్ బోల్టు తీసి, కాకింగ్ లింకు తప్పిస్తే పిస్టన్ బయటికి జారుతుంది. పిన్నులూ వాషర్లూ ఏ వరుసలో వచ్చాయో ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.

స్ప్రింగుని అద్దం మీద దొర్లించండి. ఎగుడుదిగుడుగా దొర్లితే వంగినట్టే, పారేయండి. ట్యూబులో (సిలిండర్లో) కాకింగ్ గాడి (లింకు కదిలే చీలిక) అంచుల్ని వేలితో తడమండి. గరుగ్గా తగిలితే సన్న ఆకురాయితో, తర్వాత 400 నంబరు ఎమెరీతో నునుపు చేయండి. కొత్త సీలు చాలాసార్లు ఈ అంచుకే కోసుకుపోతుంది, తిట్లు మాత్రం సీలు అమ్మినవాడికి. రజను మొత్తం గుడ్డతో తుడిచాకే సీలు ఎక్కించాలి. పిస్టన్ ఎక్కించాక ముందు రంధ్రాన్ని వేలితో మూసి పిస్టన్‌ని చేత్తో తోయండి. వదలగానే వెనక్కి తన్నుకొస్తే సీలు బాగున్నట్టు. బుస్సుమంటే గాలి పోతున్నట్టు.

పేల్చినప్పుడు "టయ్య్" మని మోగుతుందని మా దగ్గరికి ఎక్కువమంది తెస్తారు. స్ప్రింగు లోపలి గైడు వదులుగా ఉండటమే దానికి కారణం. నైలాన్ లేదా డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) గైడుని స్ప్రింగులోకి కొంచెం బిగువుగా దూరేలా లేత్ మీద తిప్పించుకుంటే ఆ మోత చాలావరకు పోతుంది. మా దృష్టిలో అసలైన అప్‌గ్రేడ్ ఇదే.

నూనె దగ్గర చెడిపోయిన రైఫిళ్ళే ఎక్కువ. కుట్టు మిషన్ నూనె, కొబ్బరి నూనె, స్ప్రే, బండ్లకి వాడే ఏపీ-3 గ్రీజు, ఏది దొరికితే అది పోసి తెస్తున్నారు. పిస్టన్ ముందుకు చేరిన నూనె గాలి నొక్కుడు వేడికి అంటుకుంటుంది. స్పార్క్ ప్లగ్ లేకుండానే డీజిల్ ఇంజన్ మండుతుంది కదా, అదే పని ఇక్కడా. పొగ, ఘాటు వాసన, పెద్ద చప్పుడు వస్తాయి. పవర్ పెరిగిందని సంబరపడతారు కానీ సీలు కాలుతోంది, స్ప్రింగు విరగబోతోంది. గ్రీజు దట్టంగా పూసినా అంతే, అందులోంచి విడివడ్డ నూనె మెల్లగా ముందుకు చేరుతుంది. కొబ్బరి నూనె చలికాలం తెల్లారేసరికి లోపలే గడ్డకడుతుంది.

సరైన పద్ధతిలో పట్టేది చాలా తక్కువ. మాలిబ్డినం పేస్టు (నల్లటి గ్రీజు లాంటిది) కందిగింజంత తీసుకుని పిస్టన్ వెనక భాగానికి, గైడుకి, కాకింగ్ లింకు రాసుకునే చోటికి పలుచగా రుద్దాలి. సియర్ అంచుకి ఆవగింజంత. స్ప్రింగుకి వేళ్ళకి అంటుకున్న గ్రీజు చాలు. సీలు ముఖానికి ఏమీ వద్దు. పాత రైఫిళ్ళలో సీలుగా ఉండే తోలు వాషర్ సంగతి వేరు, ఎండితే గాలి వదిలేస్తుంది. దానికి రెండు చుక్కల సిలికాన్ చాంబర్ ఆయిల్ ముందు రంధ్రంలో వేసి, రాత్రంతా బ్యారెల్ పైకి ఉండేలా నిలబెట్టండి. సిలికాన్ ఆయిల్ ఈ తోలు సీలుకే, ఇనుము ఇనుము రాసుకునే చోట అది పనికిరాదు.

బిగించాక మొదటి ముప్పై షాట్లు గురి చూడకండి, లోపల సర్దుకోవాలి. పెల్లెట్ లేకుండా ఒక్కసారి కూడా పేల్చకండి, పిస్టన్‌కి అడ్డుగా గాలి మెత్త లేక నేరుగా గుద్దుకుంటుంది. బ్రీచ్ (బ్యారెల్ విరిచే చోటి అతుకు) దగ్గర టిష్యూ ముక్క పెట్టి పేల్చినప్పుడు అది కదిలితే అక్కడి ఓ-రింగు (రబ్బరు రింగు) మార్చాలి. చెక్క స్క్రూలు 200 షాట్లకోసారి చూసుకోండి.

గాలి సిలిండరుతో పనిచేసే పీసీపీ రైఫిళ్ళు మాత్రం ఇంట్లో విప్పవద్దు. సిలిండరులో 200 బార్ ఒత్తిడి ఉంటుంది. వాటిని మేమూ తీసుకోం, కంపెనీ సర్వీసుకే పంపండి.

మధ్యలో ఆగిపోతే భాగాలన్నీ ఒక కవర్లో వేసి తెండి, కూర్చడానికి కూలి మాత్రమే తీసుకుంటాం. కాక్ అయి ట్రిగ్గర్ పడక ఇరుక్కున్న రైఫిల్‌ని మాత్రం బస్సులో, బైకు మీద తేవద్దు. బ్యారెల్ నోరు ఇసుక బస్తా వైపు ఉంచి పక్కన పెట్టి, ముందు మాకు ఫోన్ చేయండి.